ఉయ్యాల కుర్చీ కొనే ముందు శ్లాబు చూడండి

మా బంధువుల్లో ఎవరింట్లో ఉయ్యాల కుర్చీ బిగించాలన్నా డ్రిల్లింగ్ మెషిన్ పట్టుకుని నేనే వెళ్తాను. ఇప్పటికి పదిహేనో పదహారో బిగించి ఉంటాను. అన్నిచోట్లా ఒకటే వరస. ముచ్చటపడి కుర్చీ కొనేస్తారు, దాన్ని ఎక్కడ వేలాడదీయాలో నేను వెళ్లాక వెతుకుతారు.

ముందు చోటు చూసుకోండి. కుర్చీకి ముందూ వెనకా మూడేసి అడుగులు, పక్కలకు రెండేసి అడుగులు ఖాళీ ఉండాలి. కిటికీ అద్దం దగ్గర వద్దు.

కుర్చీ అంటే నూలుదే. ప్లాస్టిక్ తాడుతో అల్లినది ఎండాకాలంలో వీపుకి అతుక్కుంటుంది. జల్లు కొట్టే బాల్కనీలో మాత్రం నూలుకి బూజు పడుతుంది, అక్కడ ప్లాస్టిక్ తాడుదే గతి. గుడ్డు ఆకారంలో ఉండే బుట్ట కుర్చీలు ఫొటోలకే బాగుంటాయి, కూర్చుంటే గంప కింద కోడిలా ఉంటుంది. అద్దె ఇల్లయితే ఓనరుతో గొడవెందుకు, స్టాండుతో వచ్చేదే తీసుకోండి. ఎంత బరువు మోస్తుందో లేబుల్ మీద చూడండి, 120 కేజీలకు తగ్గితే కొనొద్దు. మీరు 60 కేజీలే కావచ్చు, పండక్కి వచ్చే బావగారి సంగతేమిటి?

ఇక అసలు తంటా కొక్కెంతోనే. ఫ్యాను కొక్కేనికి తగిలించొద్దు. అది నాలుగైదు కేజీల ఫ్యాను కోసం పెట్టింది. పైగా ఊగే మనిషి బరువు ఒకేలా ఉండదు. పిల్లలు కుర్చీని 60 డిగ్రీల దాకా లాగి వదిలారనుకోండి, అది కిందికొచ్చే క్షణంలో కొక్కెం మీద రెండింతల బరువు పడుతుంది. అంటే 70 కేజీల మనిషి 140 కేజీలు. పాత పెంకుటిళ్లలో టేకు దూలానికి ఉయ్యాలబల్ల కొక్కేలుంటాయి. చెద పట్టకపోతే వాటిని నమ్మొచ్చు.

ఆరేళ్ల కిందట మా ఇంట్లో ఒక కుర్రాడు సీలింగుకి ప్లాస్టిక్ గిట్టీ కొట్టి, అందులో స్క్రూ కొక్కెం తిప్పి, "ఏనుగెక్కినా ఊడదు సార్" అన్నాడు. ఏనుగు రాలేదు గానీ, మూడో రోజు మా తమ్ముడు కాఫీ గ్లాసుతో సహా కిందపడ్డాడు. అప్పటినుంచి ఈ పని ఎవరికీ వదల్లేదు.

కావాల్సింది 12 ఎంఎం ఇనుప యాంకర్ బోల్టు, అంటే బిగించేకొద్దీ రంధ్రంలో విచ్చుకుని కాంక్రీటుని పట్టుకునేది, దాని చివర మూసిన రింగు. ఫాల్స్ సీలింగుంటే దాన్ని దాటి శ్లాబుకే బిగించాలి. జిప్సం బోర్డు తన బరువు తాను మోస్తే గొప్ప. పై ఫ్లాటు బాత్రూమ్ కింద, డాబా కింద రంధ్రం పెట్టొద్దు, రేపు నీళ్లు కారితే నింద మీదే. ఫ్యాను బాక్సుకీ స్విచ్‌బోర్డుకీ మధ్య గీతలోనూ వద్దు, లోపల కరెంటు పైపు ఉండొచ్చు. కొత్త టవర్లలో కొన్నిచోట్ల శ్లాబులో బిగించి లాగిన ఉక్కు తీగలుంటాయి. అలాంటిదైతే బిల్డరు సరేననేదాకా డ్రిల్లు ముట్టుకోవద్దు.

కళ్లద్దాలు పెట్టుకోండి. బోల్టు ప్యాకెట్ మీద రాసిన సైజు బిట్టే వాడండి. ప్లాస్టరు లెక్కలోకి రాదు, దాన్ని దాటి కాంక్రీటులో ఎంత లోతు వెళ్లాలో కొలిచి బిట్టుకి టేపు చుట్టండి. బూడిదరంగు పొడి రాలాలి. ఎర్రపొడి వస్తే పెంకో ఇటుకో ఉన్నట్టు, ఆపేయండి. బిట్టు కీచుమని ముందుకు కదలకపోతే ఇనుప చువ్వ తగిలినట్టే. మొండికేసి కోయొద్దు, అరడుగు పక్కకు జరగండి. ఆ తర్వాత అందరూ మరిచిపోయే పని ఒకటుంది. సైకిల్ పంపుతో గాలి కొట్టి రంధ్రంలో పొడంతా బయటికి తీయాలి. పొడి మిగిలితే బోల్టు ఎంత బిగించినా పట్టు దొరకదు, జారుతుంది.

బిగించాక మీరు కూర్చోవద్దు. 25 కేజీల బియ్యం బస్తాలు నాలుగు తాడుతో కట్టి రాత్రంతా వేలాడదీయండి. పొద్దున బోల్టు వెంట్రుకవాసి కిందికి దిగినా, చుట్టూ పగులు కనిపించినా తీసేసి వేరే చోట చూడండి.

ఎత్తుకి తాడు వద్దు, గొలుసు వాడండి. మనిషి కూర్చున్నాక సీటు నేలకు అడుగున్నర ఎత్తులో ఉంటే చాలు. నూలు పది రోజుల్లో సాగుతుంది, అప్పుడు గొలుసులో ఒక కొలికి పైకెక్కించండి. ఊగేటప్పుడు కిర్రుమంటే రింగు దగ్గర గ్రీజు రాయండి. మా అత్తయ్యలా కొబ్బరినూనె రాస్తే నాలుగు రోజులకే దుమ్ము పట్టి మళ్లీ కిర్రుమంటుంది.