ఎగుమతి ఉత్తర్వును ఎర్రగడ్డ రైతు చదవవలసిన పద్ధతి

ఢిల్లీలో వెలువడిన ఎగుమతి ఉత్తర్వు వల్ల కర్నూలు మార్కెట్ యార్డులో క్వింటా ధర మారుతుందా, మారితే ఎప్పుడు, ఎంత అన్న ప్రశ్నకు టీవీ తెర కింద పరుగెత్తే అక్షరాలలో జవాబు దొరకదు. "ఉల్లి ఎగుమతులపై నిషేధం ఎత్తివేత" అన్న ఒక్క వాక్యం చూసి సరుకును యార్డుకు తోలకుండా ఆపుకోవడం, "సుంకం విధింపు" అన్న మాట విని కంగారుగా తెగనమ్ముకోవడం రెండూ తొందరపాటే అవుతాయి. మన సీమలో ఎర్రగడ్డ అని పిలిచే ఈ పంటను ఉత్తర్వులు ఉల్లి అనే అంటాయి, కస్టమ్స్ పట్టికలో దాని శీర్షిక సంఖ్య 0703. ఆ సంఖ్య గుర్తుంటే ప్రభుత్వ గెజిట్‌లో అసలు ఉత్తర్వును వెతుక్కోవడం సులువవుతుంది, పత్రికలు వదిలేసే షరతులన్నీ అక్కడే కనిపిస్తాయి.

ముందుగా ఉత్తర్వు ఏ శాఖ నుంచి వచ్చిందో చూడాలి. ఎగుమతిని పూర్తిగా నిషేధించడం, ఇంతకంటే తక్కువ ధరకు విదేశాలకు అమ్మరాదని కనీస ఎగుమతి ధర నిర్ణయించడం 1992 నాటి విదేశీ వాణిజ్య చట్టం కింద వాణిజ్య మంత్రిత్వ శాఖలోని విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీఎఫ్‌టీ చేసే పనులు. ఎగుమతి సుంకం వేయడం, తగ్గించడం మాత్రం ఆర్థిక మంత్రిత్వ శాఖలోని రెవెన్యూ విభాగం చేతిలో ఉంటాయి. కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద సేద్యం చేసేవారికి దీన్ని వివరించి చెప్పనవసరం లేదు. ఒకే కాలువ మీద రెండు తూములున్నప్పుడు పై తూము ఎత్తారన్న కబురు ఒక్కటే సరిపోదు, కింది తూము ఎంత వరకు దించి ఉందో కూడా తెలియాలి. కాబట్టి ఒక శాఖ ఉత్తర్వు చూసిన రోజే రెండో శాఖ ఉత్తర్వు కూడా ఉందేమో తప్పక వెతకాలి.

2024 మే 4న జరిగినది ఇందుకు మంచి ఉదాహరణ. అంతకుముందు 2023 డిసెంబరు 8 నుంచి అమలులో ఉన్న నిషేధాన్ని ఆ రోజు ఎత్తివేశారు, కానీ టన్నుకు 550 డాలర్ల కనీస ఎగుమతి ధరను, దానిపై 40 శాతం సుంకాన్ని ఉంచారు. ఇలాంటి చోట కాగితం మీద లెక్క వేసుకోవడం అవసరం. డాలరుకు 83 రూపాయల చొప్పున 550 డాలర్లంటే 45,650 రూపాయలు, అంటే కిలోకు దాదాపు 45 రూపాయల 65 పైసలు. దానిపై 40 శాతం సుంకం కలిపితే మరో 18 రూపాయల 26 పైసలు చేరి, ఓడ ఎక్కే సరుకు కిలో 64 రూపాయల దగ్గరకు వస్తుంది. విదేశంలో అదే గడ్డ పాకిస్తాన్ నుంచో ఈజిప్టు నుంచో అంతకంటే చౌకగా దొరుకుతుంటే మన సరుకును కొనేవారు ఉండరు, నిషేధం తొలగినా ఎగుమతి జరగదు. అందువల్ల ఏ ఉత్తర్వు వచ్చినా "ఎత్తివేత", "సడలింపు" అనే మాటలను పక్కన పెట్టి, అన్నీ కలిపి కిలోకు ఎన్ని రూపాయలు పడుతుందో తేల్చుకున్నాకే దాని బలాన్ని అంచనా వేయాలి. ఆ సెప్టెంబరు 13న కనీస ధరను పూర్తిగా తీసేసి సుంకాన్ని 20 శాతానికి తగ్గించారు, 2025 ఏప్రిల్ 1 నుంచి సుంకం కూడా లేకుండా పోయింది. ఇవే లెక్కలు తిరిగి వేస్తే ఈ మూడు దశల మధ్య తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది.

ఉత్తర్వు చివరి పేరాలను వదిలేయకూడదు, మినహాయింపులు ఉండేది అక్కడే. 2020 సెప్టెంబరు 14న ఉల్లి ఎగుమతిని నిషేధించినప్పుడు కడప జిల్లాలో పండే కృష్ణాపురం ఉల్లి కూడా ఆగిపోయింది. ఆ చిన్న గడ్డను ఇక్కడ కూరలో వేసుకునేవారు తక్కువ, అది ప్రధానంగా ఆగ్నేయాసియా దేశాల కోసమే పండుతుంది. దేశంలో ధర తగ్గించేందుకు తెచ్చిన నిషేధం దేశంలో దాదాపు ఎవరూ తినని సరుకును ఆపడమంటే, ఉత్తర్వు రాసినవారు మైదుకూరు వైపు తొంగి చూడలేదనే అనుకోవాలి. అక్టోబరు 9న వచ్చిన సవరణ ఈ తప్పును కొంత దిద్దింది. బెంగళూరు రోజ్ రకానికి 10,000 టన్నులు, కృష్ణాపురం రకానికి 10,000 టన్నులు చెన్నై రేవు ద్వారా మాత్రమే పంపుకోవచ్చునని అందులో పేర్లతో సహా రాశారు. ఏ రకం, ఎంత పరిమాణం, ఏ రేవు, ఏ తేదీ వరకు అన్న నాలుగు వివరాలను అలాంటి సవరణలో వెతకాలి.

ఇక తేదీ సంగతి. కర్నూలు జిల్లాలో వానాకాలపు ఉల్లి ఆగస్టు చివరి నుంచి నవంబరు వరకు యార్డుకు వస్తుంది. మహారాష్ట్రలో వేసవిలో పీకి నిల్వ చేసిన గడ్డ సరిగ్గా ఆ నెలల్లోనే తరిగిపోతుంది, ఉత్తరాది నగరాలలో ధర పెరుగుతుంది, కేంద్రం కదులుతుంది. 2019లో నిషేధం సెప్టెంబరు 29న వచ్చింది, 2020లో సెప్టెంబరు 14న వచ్చింది, 2023లో 40 శాతం సుంకం ఆగస్టు 19న వచ్చింది. ఆంక్షలు తొలగిన తేదీలను పక్కనే రాసుకుంటే విషయం ఇంకా స్పష్టమవుతుంది: మొదటిది 2020 మార్చి 15న, రెండోది 2021 జనవరి 1న పోయాయి, 2023 డిసెంబరు నాటి నిషేధం 2024 మేలో తొలగింది. మన పంట యార్డుకు చేరేటప్పుడు ఆంక్ష, పొలం ఖాళీ అయ్యాక సడలింపు. 2024 సెప్టెంబరు సడలింపు ఒక్కటే దీనికి భిన్నం. ఇది ఎవరో కర్నూలు మీద కక్షగట్టి చేసినది కాదు, మహారాష్ట్రలోని నాసిక్ పంట క్యాలెండరును చూసి నడిచే విధానం మన క్యాలెండరు మీద ఇలా పడుతుంది. అందుచేత ఆగస్టు పదో తేదీ నుంచే గెజిట్ మీద కన్నేసి ఉంచడం మంచిది. ధరల స్థిరీకరణ నిధి కింద కేంద్రం తరఫున సహకార సంస్థలైన నాఫెడ్, ఎన్‌సీసీఎఫ్ సంస్థలు సేకరించిన నిల్వల విడుదల వార్తలను కూడా చూస్తుండాలి. 2023లో ఆ నిల్వను 3 లక్షల టన్నుల నుంచి 5 లక్షల టన్నులకు పెంచారు. ఆ సరుకు నగరాలలో అమ్మకానికి దిగేదీ ఇంచుమించు మన పంట కాలంలోనే.

కొనే దేశం సంగతి చూడకుండా ఈ చదువు పూర్తి కాదు. మన ఉల్లికి పెద్ద కొనుగోలుదారు బంగ్లాదేశ్. 2019 అక్టోబరులో ఢిల్లీకి వచ్చిన అప్పటి ప్రధాని షేక్ హసీనా, ఉల్లి నిషేధం గురించి ముందుగా ఒక మాట చెప్పి ఉంటే బాగుండేదని, తన వంటవాడికి ఉల్లి లేకుండా వండమని చెప్పానని చమత్కరించారు. చమత్కారం అలా ఉంచితే, ఆ తర్వాత ఆ దేశం ఈజిప్టు, తుర్కియే, చైనా, పాకిస్తాన్ వైపు చూసింది, సొంత సాగు పెంచుకునే ప్రయత్నమూ చేసింది. తమ రైతు పంట చేతికి వచ్చే నెలల్లో దిగుమతి అనుమతులు ఆపేయడం ఆ ప్రభుత్వానికి అలవాటే. కాబట్టి ఢిల్లీ సుంకం సున్నాకు దించిన రోజున కూడా ఢాకా అనుమతులు ఇస్తోందా లేదా అన్నది అడిగి తెలుసుకోవాలి. ఒకసారి పోయిన బేరం ఉత్తర్వు మారగానే తిరిగి రాదు.

2025 ఆగస్టు, సెప్టెంబరు నెలలు దీన్ని చూపించాయి. సుంకం, నిషేధం రెండూ లేని ఆ సీజనులో కర్నూలు యార్డులో ధర కుప్పకూలింది. రాష్ట్ర ప్రభుత్వం తన సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్ ద్వారా క్వింటా 1,200 రూపాయలకు కొనుగోలు మొదలుపెట్టి, తర్వాత హెక్టారుకు 50,000 రూపాయల సాయం ప్రకటించింది. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు కనుక అది ఎకరాకు 20,000 చిల్లర. ఇలాంటి ప్రకటన వచ్చినప్పుడు కొనుగోలు ధర, ఎకరా సాయం వేర్వేరు పథకాలా, ఒకదాని బదులు ఇంకొకటా, పంట వివరాల ప్రభుత్వ ఆన్‌లైన్ నమోదు అయిన ఈ-క్రాప్‌లో పేరు నమోదై ఉండాలా అన్నవి రైతు సేవా కేంద్రంలో రాతపూర్వకంగా చూసుకోవాలి. ఎగుమతి విధానం కేంద్రానిది, దాని దెబ్బకు కట్టు కట్టే ఖర్చులో పెద్ద భాగం రాష్ట్ర ఖజానాది. ఈ పంపకం గురించి జరగవలసినంత చర్చ జరగడం లేదు.

ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి పది రోజుల పాటు కేంద్ర ప్రభుత్వ మార్కెట్ ధరల వెబ్‌సైట్ అగ్‌మార్క్‌నెట్‌లో కర్నూలు యార్డు రాక పరిమాణాన్ని, మోడల్ ధరను ఒక నోటు పుస్తకంలో పక్కపక్కన రాసుకోవాలి. మోడల్ ధర అంటే ఆ రోజు ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన ధర. పత్రికలో వచ్చే గరిష్ఠ ధర ఏ ఒకటి రెండు మేలురకం లాట్లకో పలికినది కావచ్చు. రాక పెరగకుండానే ధర పడితే దానికి కారణం ఉత్తర్వు అయి ఉండవచ్చు. రాక రెట్టింపై ధర పడితే ఢిల్లీని తిట్టుకునే ముందు పెద్ద ఉల్లి మార్కెట్లైన లాసల్‌గావ్, తాడేపల్లిగూడెం ధరలను కూడా అదే పేజీలో రాసి చూడాలి.