హైదరాబాద్ ఇళ్లలో బియర్డెడ్ డ్రాగన్: ఎన్‌క్లోజర్‌లో తేమను అదుపులో ఉంచడం ఎలా?

బియర్డెడ్ డ్రాగన్ ఆస్ట్రేలియా ఖండపు నడిమి మెట్ట నేలలకు చెందిన బల్లి. దాని ఎన్‌క్లోజర్‌లో, అంటే దాన్ని ఉంచే పెట్టెలో, గాలి తేమ 30 నుంచి 40 శాతం మధ్య ఉండటం మంచిది. కొన్ని గంటలపాటు 55 దాకా పెరిగినా కంగారు పడనక్కరలేదు గానీ, రాత్రీపగలూ తేడా లేకుండా రోజుల తరబడి 60 దాటి ఉంటే, దానికి చలి కూడా తోడైతే, ఊపిరితిత్తుల జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. హైదరాబాద్‌లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా బయటి గాలిలోనే తేమ తరచుగా 70 శాతం దాటుతుంది కనుక, ఇక్కడ ఈ జీవిని పెంచేవారు తొలకరికి ముందే ఏర్పాట్లు చూసుకోవాలి.

ముందుగా కొలత సరిగ్గా ఉండాలి. గుండ్రని డయల్‌పై ముల్లు తిరిగే చవక మీటర్లను నమ్మలేము. తీగ చివర సెన్సర్ ఉన్న డిజిటల్ హైగ్రోమీటర్ (తేమను కొలిచే మీటరు) కొనుక్కోవాలి. కొత్తదైనా సరే, దానిని ఒకసారి ఉప్పుతో పరీక్షించాలి. సీసా మూతలో చెంచాడు ఉప్పు పోసి, అది కరిగిపోకుండా తడి ఇసుకలా ముద్దయ్యేంత వరకే నీటి చుక్కలు వేసి, ఆ మూతనూ సెన్సర్‌తో సహా మీటరునూ ఒకే జిప్ కవర్‌లో పెట్టి, గాలి చొరకుండా మూసి రాత్రంతా కదపకుండా ఉంచాలి. తెల్లవారేసరికి కవర్ లోపలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. అప్పుడు మీటరు 81 చూపిస్తే అది సుమారు 6 ఎక్కువ చెబుతోందని గ్రహించి, ఆ తర్వాత చూసే అంకెల్లో అంత తగ్గించుకోవాలి. సెన్సర్‌ను చల్లని వైపు, నేలకు కాస్త పైన, నీళ్ల గిన్నెకు దూరంగా అమర్చాలి. బల్లి వెచ్చదనం కోసం పెట్టే బాస్కింగ్ లాంప్ కింద పెడితే అది ఎప్పుడూ తక్కువే చూపించి మనల్ని మభ్యపెడుతుంది.

తేమ శాతాన్ని తగ్గించడంలో వేడిని మించిన సాధనం లేదు. 24 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలిని, కొత్తగా నీటి ఆవిరి చేరకుండా 35 డిగ్రీలకు వేడి చేస్తే, అదే గాలిలో తేమ సుమారు 42 శాతానికి దిగుతుంది. అందువల్ల పగటిపూట బాస్కింగ్ లాంప్ కింద రాయి పైభాగం 38 నుంచి 42 డిగ్రీలు, చల్లని వైపు గాలి 25 నుంచి 28 డిగ్రీలు ఉండేలా చూసుకుంటే వానాకాలపు సమస్య చాలావరకు తీరుతుంది. చల్లని మూలలో తేమ 60 దగ్గర ఉన్నా, బల్లి వెచ్చగా పడుకునే చోట గాలి పొడిగానే ఉంటుంది. రాత్రి లాంప్ ఆరగానే అంకె మళ్లీ ఎగబాకుతుంది. పగలు బాగా దిగుతున్నంత కాలం ఆ రాత్రి పెరుగుదలను పట్టించుకోనక్కరలేదని నా అభిప్రాయం.

వేడెక్కిన గాలి బయటికి పోయే దారి కూడా ఉండాలి. చల్లని వైపు కింది భాగంలో ఒక జాలీ, వేడి వైపు పై భాగంలో మరొకటి ఉంటే గాలి దానంతటదే కదులుతుంది. చేపల తొట్టెకు మూతపెట్టి అందులో ఈ బల్లిని పెంచడం వానాకాలంలో అసలు పనికిరాదు.

ఇక గది సంగతి. ముసురు పట్టిన రోజుల్లో అపార్ట్‌మెంట్లలో బట్టలన్నీ ఇంట్లోనే ఆరేస్తాం. ఆ దండెం ఎన్‌క్లోజర్ ఉన్న గదిలో ఉండకూడదు. ఏప్రిల్, మే నెలల్లో బయట గాలి ఎండిపోయి ఉంటుంది కనుక తేమ గురించి ఎవరికీ అనుమానం రాదు. అయితే కిటికీలు మూసి ఎయిర్ కూలర్ నడిపితే, వట్టివేళ్ల వాసనతో పాటు బోలెడంత నీటి ఆవిరి కూడా గదిలోకి వచ్చి చేరుతుంది. కూలర్‌ను వేరే గదికి మార్చడం ఉత్తమం. వీలుకాకపోతే కిటికీ తెరిచి, గాలి ఎన్‌క్లోజర్ మీదికి కొట్టకుండా తిప్పి పెట్టాలి. ఏసీ ఉన్నవారికి వానాకాలంలో దాని డ్రై మోడ్ బాగా ఉపయోగపడుతుంది. సిలికా జెల్ పొట్లాల మీద మాత్రం డబ్బు పెట్టకండి. గాలి ఆడే చోట అవి త్వరగా తేమ పట్టి నిరుపయోగమవుతాయి, పైగా బల్లి నోటికి అందే ప్రమాదం కూడా ఉంది.

ఎన్‌క్లోజర్ నేలపై కొబ్బరి పొట్టు పరిస్తే అది నీటిని పీల్చుకుని రోజంతా వదులుతూ ఉంటుంది. పాత దినపత్రికలు గానీ, మన దగ్గర తేలికగా దొరికే తాండూరు నాపరాయి గానీ పరచడం మేలు. రాయి వేడిని నిలుపుకుంటుంది, తుడిస్తే నిమిషాల్లో ఆరిపోతుంది. నీళ్ల గిన్నె వెడల్పుగా కాక చిన్నదిగా ఉండాలి. ఆకుకూరలు కడిగాక బాగా విదిలించి పెట్టి, తినగా మిగిలినవి సాయంత్రానికి తీసేయాలి.

తేమ మరీ తగ్గినా ఇబ్బందే. మే నెలలో రోజంతా ఏసీ నడిచే గదిలో తేమ 20 కన్నా కిందికి పడిపోతే, కుబుసం విడిచేటప్పుడు పాత చర్మం వేళ్ల చివర, తోక కొసన బిగుసుకుపోయి రక్తప్రసరణను ఆపేయవచ్చు. అలాంటప్పుడు ఎన్‌క్లోజర్‌లో నీళ్లు చిలకరించకుండా, బల్లి మోచేతుల దాకా మాత్రమే వచ్చే గోరువెచ్చని నీటిలో దాన్ని పది పదిహేను నిమిషాలు ఉంచి, ఒళ్లంతా తుడిచి, ఆ తర్వాతే లాంప్ కిందికి చేర్చాలి. పట్టిన చర్మాన్ని గోటితో లాగకూడదు.

లాంప్ కింద నోరు తెరిచి కూర్చోవడం వేడిని తగ్గించుకునే సహజ పద్ధతే. చల్లని వైపు ఉన్నప్పుడు కూడా నోరు తెరిచే ఉంచినా, ముక్కు దగ్గర బుడగలు లేదా జిగట కనిపించినా, ఊపిరి తీస్తుంటే టిక్కుటిక్కుమని చప్పుడు వినిపించినా ఇంటి వైద్యం చేయకుండా సరీసృపాలను చూసే పశువైద్యుడి దగ్గరికి అదే రోజు తీసుకెళ్లాలి. గత వారం రోజుల ఉష్ణోగ్రత, తేమ అంకెలు రాసి ఉంటే అవి కూడా వెంట తీసుకెళ్లండి.