ఆకును బట్టి చెట్టును గుర్తుపట్టడం ఎలా?

చెట్లను గుర్తుపట్టడం నేర్చుకోవడానికి అడవికే వెళ్లనక్కర్లేదు. ఊళ్లో కనిపించే వేప, కానుగ, నేరేడు, మామిడి, రావి చాలు. ఒక్కో చెట్టు దగ్గర కాసేపు ఆగి, చేతికందే కొమ్మను దగ్గరగా చూడండి.

ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఆకు ఎక్కడ మొదలవుతోంది? వేపలో మనం ఆకు అనుకునేది నిజానికి ఆకులో ఒక ముక్క, అంటే పత్రకం. ఈనెకు రెండు వైపులా ఉన్న పత్రకాలన్నీ కలిస్తేనే ఒక ఆకు. అనుమానం ఉంటే కాడ మొదట్లో చూడండి. కాడ కొమ్మను కలిసే మూలలో చిన్న మొగ్గ ఉంటుంది, పత్రకం మొదట్లో ఉండదు. ఈ మొగ్గను వెతకడం అలవాటైతే సగం తికమక తీరిపోతుంది. అందుకే దీనికి ఎంత సమయం పట్టినా తొందరపడకండి.

తర్వాత అంచు చూడండి. వేప పత్రకానికి రంపపు పళ్లు ఉంటాయి, పత్రకం నడిమి ఈనెకు రెండు పక్కలా వెడల్పు సమానంగా ఉండదు. కానుగ పత్రకం అంచు నున్నగా ఉంటుంది, ఆకు చివర ఒంటి పత్రకం ఉంటుంది. తురకవేపను చూసి వేప అని పొరబడేవారు చాలామంది. దాని ఈనె మళ్లీ చీలి, ఆ చీలికల మీద పత్రకాలు వస్తాయి. పూలు లేత ఊదారంగులో ఉంటాయి, వేప పూత తెల్లగా ఉంటుంది.

ఆకుల అమరిక కూడా ముఖ్యమే. నేరేడులో ఆకులు ఎదురెదురుగా పుడతాయి, మామిడిలో ఒకటి విడిచి ఒకటి. నేరేడు ఆకును వెలుతురుకు పట్టి చూడండి, అంచు పొడవునా సన్నటి ఈనె కనిపిస్తుంది. ఎంత అందంగా ఉంటుందో!

ఆకు తుంచితే పాలు కారాయా? రావి, మర్రి, మేడి అన్నీ ఒకే ప్రజాతివి, అంటే దగ్గరి చుట్టాలు, అన్నింటిలో పాలుంటాయి. రావి ఆకుకు పొడవాటి సన్నని కొస ఉంటుంది, మర్రి ఆకు మందంగా, కొస మొద్దుగా ఉంటుంది. మేడికాయలు కాండం మీదే గుత్తులుగా కాస్తాయి. తెలియని చెట్టు పాలు కంట్లో పడనివ్వకండి, ఏదీ రుచి చూడకండి.

బెరడును చివరికి ఉంచుకోండి, వయసుతో అది మారుతుంది. నల్లమద్ది బెరడు మాత్రం మొసలి చర్మంలా పగిలి ఉంటుంది, తెల్లమద్దిది నునుపుగా, లేత రంగులో ఉంటుంది.

ఫోనులో యాప్‌ను అడగాలంటే చెట్టంతా కాకుండా కొమ్మ, ఆకు వెనుక వైపు, పువ్వు లేదా కాయ విడివిడిగా ఫోటో తీయండి. అది చెప్పిన పేరును మొగ్గ, అంచు, అమరికతో సరిచూసుకున్నాకే నమ్మండి.