ఒకే కెమెరాతో పెళ్లి ఫొటోలు, వీడియో: మోడ్ మారినప్పుడు ఏమేం మారాలి

2008లో వచ్చిన కెనాన్ 5డీ మార్క్ 2తో ఫుల్ ఫ్రేమ్ (35 ఎంఎం ఫిల్ము సైజు సెన్సర్ ఉన్న) ఫొటో కెమెరాలోనే ఫుల్ హెచ్‌డీ వీడియో తీయడం మొదలైంది. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాలు రెండు పనులూ బాగా చేస్తాయి. అయితే చాలా మోడళ్లలో వీడియో నడుస్తుండగా పూర్తి సైజు రా (కెమెరా దిద్దకుండా దాచే ముడి డేటా) ఫొటో రాదు. అందుకే ఏ ఘట్టం వీడియోకి, ఏది ఫొటోకి అన్నది పెళ్లికి ముందే తేల్చుకోవాలి.

వీడియోలోంచి ఫ్రేమ్ లాగి ఫొటోగా ఇచ్చేద్దామనుకోవద్దు. 4కె ఫ్రేమ్ అంటే 3840×2160, దాదాపు 83 లక్షల పిక్సెళ్లు. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల ముద్రణలో) అది 12.8 అంగుళాల వెడల్పు, 7.2 అంగుళాల ఎత్తే వస్తుంది. 12×36 అంగుళాల ఆల్బమ్ షీటులో దాదాపు ఐదో వంతుకు సరిపోతుంది, అంతే. పైగా 1/50 సెకను షట్టర్‌లో కదిలే చేతులు చెదిరి ఉంటాయి.

సెట్టింగులు రెండు వేర్వేరు బ్యాంకుల్లో (కెమెరాలో సెట్టింగులన్నీ కలిపి దాచే చోట్లలో) దాచుకోండి. వీడియోకి పాల్ సిస్టమ్ (మన దేశపు వీడియో పద్ధతి), సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50. స్లో మోషన్ కావాలంటే 50 ఫ్రేములు, 1/100. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైట్లు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతాయి. 1/60 పెడితే ఆ లెక్క కుదరక తెరమీద చారలు పాకుతాయి. పాల్‌కి మార్చేటప్పుడు కొన్ని మోడళ్లు కార్డు ఫార్మాట్ చేయమంటాయి, ఆ పని ముందు రోజే ముగించండి. స్టేజీ వెనక ఎల్‌ఈడీ వాల్ ఉంటే 1/50లోనూ చారలు రావచ్చు. వేరియబుల్ షట్టర్ (షట్టర్ వేగాన్ని చిన్న చిన్న మెట్లలో మార్చే సెట్టింగు) ఉంటే అవి పోయేదాకా కొద్దికొద్దిగా జరపండి.

ఫొటోకి రా ఫార్మాట్, షట్టర్ 1/200, మెకానికల్ షట్టర్. చప్పుడు రాకూడదని ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే చవక ఎల్‌ఈడీల కింద ఫొటోల్లోనూ పట్టీలు పడతాయి. రాలో వైట్ బ్యాలెన్స్ తర్వాత దిద్దుకోవచ్చు, మామూలు వీడియోలో అంత వెసులుబాటు లేదు. మండపం లైట్లు వేశాక కెల్విన్ నంబరు (వెలుగు రంగును చెప్పే కొలత) చూసి స్థిరంగా పెట్టండి. ఆటోలో వదిలితే ఎర్ర చీర, పసుపు బట్టలు ఫ్రేములోకి వచ్చినప్పుడల్లా రంగు మారుతుంది.

పగటి ఎదుర్కోలు దగ్గర చిక్కు మరోరకం. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఐఎస్‌ఓ (సెన్సర్ వెలుగుకు స్పందించే స్థాయి) 100కి 1/100, ఎఫ్ 16 (లెన్సు రంధ్రం సైజు) సరిపోతాయి. వీడియోకి ఎఫ్ 2.8, 1/50 కావాలంటే 6 స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) వెలుగు ఎక్కువవుతుంది, ఎన్‌డీ 64 ఫిల్టర్ (వెలుగును 64వ వంతుకు తగ్గించే నల్ల అద్దం) పెట్టాలి. లాగ్ ప్రొఫైల్ (ఎడిటింగ్‌లో రంగులు దిద్దుకోవడానికి చప్పగా తీసే వీడియో) కనీస ఐఎస్‌ఓ 800 అయితే ఇంకో 3 స్టాపులు. అక్కడ 2 నుంచి 5 స్టాపుల వేరియబుల్ ఎన్‌డీ చాలదు, బలవంతంగా చివరిదాకా తిప్పితే ఆకాశంలో ఇంటూ ఆకారపు మచ్చ పడుతుంది. ఫొటోకి మారగానే ఫిల్టర్ తీసేయాలి కాబట్టి మరలది కాకుండా అయస్కాంతపుది కొనండి.

ఇక ముహూర్తం. జీలకర్ర-బెల్లం పెట్టి అడ్డుతెర దిగే క్షణం మళ్లీ రాదు, అది వీడియోకే. పంతులుగారు చెప్పేదాకా వధూవరుల చేతులు తలల మీదే ఉంటాయి. ఫొటోలన్నీ ఆ వ్యవధిలో తీసుకోండి, హడావిడి అక్కర్లేదు. మంగళసూత్రాలు పెద్దల చేత తాకించడానికి తిప్పేటప్పుడు ఫొటోలు, మూడు ముళ్లూ పూర్తిగా వీడియో. తలంబ్రాలు చాలాసేపు సాగుతాయి. మొదట రెండు నిమిషాలు 50 ఫ్రేముల్లో తీసి, తర్వాత ఫొటోకి వెళ్లి 1/500 పైన పెట్టండి. అప్పుడే గాలిలో బియ్యపు గింజలు విడివిడిగా కనిపిస్తాయి.

శబ్దాన్ని కెమెరా మైకుకి వదలొద్దు, మోడ్ మారిన ప్రతిసారీ అది తెగిపోతుంది. పంతులుగారి దగ్గర చిన్న రికార్డర్ పెట్టి, మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా నడపండి. రికార్డర్ మీటరులో మంత్రాలు మైనస్ 20 డీబీ (శబ్ద స్థాయి కొలత) దగ్గర ఆడాలి. మైనస్ 12 దగ్గర పెడితే గట్టిమేళం అందుకోగానే సున్నా తగిలి శబ్దం పగులుతుంది, పగిలింది ఎడిటింగ్‌లో బాగుపడదు. ఆటో లెవెల్ ఇంకా చెడ్డది: డోలు, సన్నాయి మోగగానే మంత్రాలను తొక్కేస్తుంది.

కార్డుల లెక్క తేలిక. 140 ఎంబీపీఎస్ వీడియో గంటకు 63 జీబీ తింటుంది. వీ60 (సెకనుకు కనీసం 60 ఎంబీ రాసే) కార్డు చాలు. రెండు స్లాట్లుంటే ఫొటోలూ వీడియో రెండింటిలో ఒకేసారి రాసేలా పెట్టండి.

కంగారులో అందరూ చేసే పొరపాటు రికార్డు నొక్కాననుకొని నొక్కకపోవడం, లేదా ఆపాననుకొని ఆపకపోవడం. ఆ తర్వాతి క్లిప్పు మొత్తం నేల మీద నడిచే కాళ్లే. రికార్డవుతున్నప్పుడు తెర చుట్టూ ఎర్ర గీత చూపించే సెట్టింగు మీ మోడల్లో ఉంటే ఆన్ చేయండి. ముహూర్తానికి 10 నిమిషాల ముందు కొత్త బ్యాటరీ, ఖాళీ కార్డు వేసి, ఐదు సెకన్లు రికార్డు చేసి వెనక్కి చూసుకోండి.