కొలువు మెట్ల మీద చీర జారకుండా (నా అనుభవం)

దసరా సెలవులిచ్చారంటే ఇంట్లో పిల్లల పరుగులు, బొమ్మల కొలువు ఒకేసారి మొదలు. కాస్త కొంగు తగిలినా మెట్ల మీది చీర జారి బొమ్మలు బోర్లా పడేవి. గుండుపిన్నులు, టేపు, అంచుకు బరువులు అన్నీ అయ్యాయి.

చివరికి చీరను పై మెట్టు నుంచి పరిచాను, బిగించి లాగకుండా. ప్రతి మెట్టూ లోపలి మూలలో నాలుగు వేళ్ల వదులు ఉంచి, మడతను మూలలోకి నొక్కాను. ఆ మడతలో పిల్లల చెక్క స్కేళ్లు వరసగా పడుకోబెట్టాను (హోంవర్కుకు స్కేలు లేదని గోల, అది వేరే కథ). స్కేళ్లకు ఆనించి బరువైన మట్టి బొమ్మలు. కొండపల్లివి పొనికి చెక్కవి, తేలిక, కాబట్టి ముందు వరసలో. ఒక మెట్టు పూర్తయ్యాకే కిందిది.

మావి చెక్క మెట్లు, నూలు చీర. పట్టుచీరకో ఇనుప స్టాండుకో ఇంత గట్టిగా నిలుస్తుందని మాటివ్వలేను.