టీవీలో వాతావరణం చెప్పాలనుకునేవారికి

ఈ ఉద్యోగంలోకి రావాలనుకునేవారు నన్ను మొదట ఉచ్చారణ గురించి అడుగుతారు, తర్వాత చీరల గురించి. రెండూ నేర్చుకోవచ్చు. వాటికంటే ముందు అలవడవలసింది ఒకటుంది. మీ మాట విని ఎవరు ఏ పనికి పూనుకుంటారో, ఏ పని మానుకుంటారో ఆలోచించడం. నిజాంపట్నంలో పడవ కదలాలా వద్దా, గుంటూరు జిల్లా కల్లాల్లో ఆరబోసిన మిర్చిని రాత్రికి అలాగే వదిలేయవచ్చా, హైదరాబాద్‌లో సాయంత్రం బడి బస్సు ఎన్నింటికి ఇల్లు చేరుతుంది, ఇవన్నీ మీ రెండు నిమిషాలతో ముడిపడి ఉంటాయి. తెలుగు వార్తా ఛానల్లో ఈ పని చేస్తూ నేర్చుకున్నవి, స్టూడియోకు వచ్చే కొత్తవారికి నేను చెప్పేవి ఇక్కడ రాస్తున్నాను.

మొదట్లో కెమెరా జోలికి వెళ్లకండి. బులెటిన్లు చదవండి. హైదరాబాద్, అమరావతి వాతావరణ కేంద్రాలు జిల్లాలవారీగా సూచనలు ఇస్తాయి. తుపాను వేళ విశాఖపట్నంలోని తుపాను హెచ్చరికల కేంద్రం సమాచారం చూడాలి. అలల ఎత్తు, సముద్రం పరిస్థితి హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ సముద్ర సమాచార కేంద్రం (ఇన్‌కాయిస్) చెబుతుంది. ఈ బులెటిన్లలో ఏ మాటా ఊరికే పడదు. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు పడితేనే భారీ వర్షం. 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. ఆ 24 గంటలు కూడా అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు కాదు, ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర వరకు. అందుకే రేపటి వాన అన్నది ఒక్కోసారి ఎల్లుండి తెల్లవారుజామున పడుతుంది. ఈ సంగతి తెలియకుండా 'రేపు వర్షం' అని చదివేస్తే, రేపు పగలంతా గొడుగు మోసినవారు మిమ్మల్ని నమ్మడం మానేస్తారు.

'ఒకటి రెండు చోట్ల' అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించి వాన పడకపోవచ్చని అర్థం. దీన్ని తెర మీద తప్పకుండా విడమరచి చెప్పండి. 'జిల్లాలో నాలుగు ఊళ్లుంటే మూడు ఊళ్లకు పడకపోవచ్చు' అంటే ఎవరికైనా తెలుస్తుంది. మిల్లీమీటర్లూ అంతే. ఎకరం మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 40 వేల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. ఇలా లెక్క కట్టి చెప్పినప్పుడు 20 సెంటీమీటర్ల వాన ఎంతటిదో పొలం ఉన్నవారికి కళ్లకు కడుతుంది.

గాలి కొలత వేరు, వాన కొలత వేరు. ఇది బాగా మనసులో పెట్టుకోండి. గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లకు చేరితే అల్పపీడనం వాయుగుండమవుతుంది. 62కు చేరితే తుపాను, అప్పుడే పేరు పెడతారు. ఈ మెట్లన్నీ గాలికి సంబంధించినవే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు బంగాళాఖాతంలో తుపాను లేదు, కళింగపట్నం దగ్గర తీరం దాటిన వాయుగుండమే ఉంది. కాబట్టి 'వాయుగుండమే, తుపాను కాదు' అనే ఊరడింపు మీ నోట రాకూడదు. తీరం దాటాక బలహీనపడిందని చెప్పేటప్పుడు, బలహీనపడింది గాలి మాత్రమేనని, వాన ఇంకా ఉందని వెంటనే చెప్పాలి.

ఇక స్టూడియో. మీ వెనుక ఉండేది ఉత్త ఆకుపచ్చ గోడ. ఆ ఆకుపచ్చ ఉన్నచోటల్లా కంప్యూటరు మ్యాపును చేరుస్తుంది. మ్యాపు మీకు కనిపించదు, పక్కనున్న మానిటర్లో చూసుకోవాలి. ఆకుపచ్చ బట్టలు వేసుకుంటే మీ ఒంటి మీద కూడా మ్యాపు పరుచుకుంటుంది. సన్నని గళ్లు, సన్నని చారలు తెర మీద కదులుతున్నట్టు మెరుస్తాయి. జుట్టు చివర్లు రేగి ఉంటే అంచుల్లో పచ్చగా కనిపిస్తుంది. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. మన మ్యాపుకు ప్రత్యేకమైన విషయం ఇంకొకటి ఉంది. మనకు సముద్రం తూర్పున, అంటే తెరకు కుడివైపున ఉంటుంది. అల్పపీడనాలు ఎక్కువగా పుట్టేదీ అక్కడే. మీరు కుడివైపు నిలబడితే చూపించవలసిన దాన్నే కప్పేస్తారు. చూసేవారికి ఎడమవైపున, కర్ణాటక, మహారాష్ట్రల మీద నిలబడండి. అప్పుడు మ్యాపు మీ ఎడమ చేతి వైపు ఉంటుంది. కుడిచేతి వాటం ఉన్నవారు ఎడమ చేత్తో చూపించడం పనిగట్టుకుని సాధన చేయాలి. వేలు పెట్టి పొడిచినట్టు చూపకూడదు, అరచేయి తెరిచి తీరం వెంట మెల్లగా నడిపించాలి. జూన్‌లో నైరుతి రుతుపవనాలు కేరళ నుంచి పైకి వచ్చే రోజుల్లో మాత్రం అరేబియా సముద్రం కనిపించాలి కాబట్టి ఆ మ్యాపుకు అవతలి పక్కకు మారాలి.

సుడి తిప్పి చూపించేటప్పుడు మరో చిక్కు వస్తుంది. మన వైపు తుపాను గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. మీరు కెమెరాకు ఎదురుగా ఉన్నారు కాబట్టి, చూసేవారికి అలా కనిపించాలంటే మీ చేయి మీకు ముల్లు తిరిగే దిశలోనే తిరగాలి. అద్దం ముందు కాదు, ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టి సాధన చేయండి.

చదవవలసిన మాటలను కెమెరా ముందు చూపే ప్రాంప్టర్ మీద ఆధారపడకండి. మానిటరు, కెమెరా, మ్యాపు మధ్య కళ్లు తిరుగుతూ ఉంటాయి, చదవడానికి తీరిక దొరకదు. దూరదర్శన్‌లో 1983లో తెలుగు వార్తలు మొదలుపెట్టిన శాంతి స్వరూప్ గారు ప్రాంప్టర్ లేకుండానే ఏళ్ల తరబడి వార్తలు చదివారు. మనకు అంత ధారణ అక్కర్లేదు. మ్యాపుకొక వాక్యం గుర్తుంటే చాలు, ఆ వాక్యంలో ఊరు, వేళ, చేయవలసిన పని ఉండాలి. చెవిలో ప్రొడ్యూసర్ మాట్లాడుతూనే ఉంటారు. 'ఇరవై సెకన్లలో ముగించండి' అంటారు. అందుకే ముఖ్యమైనది మొదటి వాక్యంలోనే చెప్పేయాలి. 'ఉపరితల ఆవర్తనం సముద్ర మట్టానికి 3.1 కిలోమీటర్ల ఎత్తులో' అంటూ మొదలుపెడితే, వాన దగ్గరికి వచ్చేలోగా ప్రకటన వచ్చేస్తుంది.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందు కృష్ణా డెల్టాలో వరి కోతలు నడుస్తున్నాయి. కొన్నిచోట్ల కోసిన వరి పనలు పొలంలోనే ఉన్నాయి, కొన్నిచోట్ల ధాన్యం రోడ్ల మీద ఆరుతోంది. ఆ రోజుల్లో ఒక పెద్దాయన ఆఫీసుకు ఫోన్ చేసి, ''అమ్మా, గాలి ఎంతన్నది నాకొద్దు. వాన ఎన్నింటికి మొదలవుతుందో చెప్పండి. కుప్ప వేయడానికి కూలీలను పిలవాలా, ఆగాలా?'' అని అడిగారు. అప్పటినుంచి నా స్క్రిప్టులో వేళ రాయకుండా వాన రాయలేదు. కోత కాలంలో తుపాను వస్తుంటే వ్యవసాయ శాఖ సలహా కూడా పక్కన ఉంచుకోండి. కోయని చేను కోయవద్దని, కోసిన పనలను గట్టు మీదికి చేర్చి కుప్ప వేయమని, తడిసిన పనల మీద గింజ మొలకెత్తకుండా ఐదు శాతం ఉప్పు ద్రావణం చల్లమని శాస్త్రవేత్తలు చెబుతారు. ఇవి మీ రెండు నిమిషాల్లో ఇమడవనుకోకండి. గ్రాఫిక్స్ వారిని అడిగితే మ్యాపు కింద ఒక పట్టీలో వేస్తారు.

తుపాను తీరం దాటే గంటలో అందరూ తెర మీద ఉండాలని తహతహలాడతారు. కానీ ఆ గంటలో ప్రమాదంలో ఉన్నవారి ఇళ్లలో కరెంటు ఉండదు. చూసేది హైదరాబాద్‌లో, బెంగళూరులో, డాలస్‌లో ఉన్న వారి పిల్లలు. తీరంలో ఉన్నవారికి చెప్పవలసినదంతా ముందురోజు సాయంత్రమే, వారి టీవీ వెలుగుతుండగానే చెప్పాలి. ఫోన్లు చార్జి చేసుకోండి, తాగునీరు పట్టుకోండి, పశువుల పలుపులు విప్పండి, పెంకుటిల్లయితే పునరావాస కేంద్రానికి వెళ్లండి. మన తీరాన్ని దాటే తుపానుకు ఉత్తరం వైపున గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది, ఉప్పెన ముప్పు ఆ వైపే ఎక్కువ. దాన్ని మ్యాపులో రంగు వేసి చూపించండి. తుపాను కన్ను గురించి కూడా ముందే చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కన్ను విశాఖపట్నం మీదుగా వెళ్లినప్పుడు గాలి కాసేపు ఆగి, మళ్లీ ఎదురు దిశ నుంచి విరుచుకుపడింది. గాలి ఆగిందని బయటికి వచ్చినవారికే అపాయం.

హెచ్చరిక రంగులను పెంచకండి, తగ్గించకండి. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే కదలమని. పసుపు ఉన్న రోజున 'అల్లకల్లోలం' అని శీర్షిక పెడదామని డెస్కు నుంచి ఒత్తిడి రావచ్చు. వాదనకు దిగితే సమయం పోతుంది. అంతకంటే పదునైన వాక్యం చేతికివ్వండి. 'సాయంత్రం నాలుగు తర్వాత ఈ మూడు జిల్లాల్లో పిడుగులు' అన్న శీర్షికను ఏ ప్రొడ్యూసరూ కాదనడు, అది నిజం కూడా. ఏడాదంతా ఎరుపు చూపించినవారిని ఎరుపు నిజంగా వచ్చిన రాత్రి ఎవరు నమ్ముతారు? నాకు ఈ పనిలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

ఎండాకాలం మరీ సులువనుకుంటారు. కారులో 47 చూపించింది, మీరు 43 అంటున్నారేమని ఫోన్లు వస్తాయి. వాతావరణ కేంద్రం నీడలో, గాలి ఆడే తెల్లని చెక్కపెట్టెలో, నేలకు నాలుగడుగుల ఎత్తున కొలుస్తుందని సీజన్ మొదట్లోనే ఒకసారి చూపించేయండి. కోస్తాలో ఉష్ణోగ్రతతో పాటు ఉక్కపోత కూడా చెప్పాలి. రెంటచింతల, రామగుండం అంకెలు వార్తకు పనికొస్తాయి, కానీ ఉపాధి పనికి వెళ్లేవారికి కావలసింది ఏ వేళకు పని ఆపాలన్నదే.

చదువు సంగతి. వాతావరణ శాస్త్రంలో పట్టా తప్పనిసరి కాదు. ఉంటే మంచిది, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. నాకు తెలిసిన తెలుగు ఛానళ్లలో వాతావరణానికే ఒక మనిషిని పెట్టుకోవడం అరుదు. వార్తలు చదివేవారే ఇదీ చెబుతారు. కాబట్టి న్యూస్ రీడర్‌గానో, డెస్కులో సబ్ ఎడిటర్‌గానో చేరి, ఈ పనిని మీరే అడిగి తీసుకోండి.

ఉద్యోగం కోసం పంపే డెమో వీడియో తొంభై సెకన్లు మించకూడదు. ఆ రోజు బులెటిన్‌నే తీసుకోండి, మీ జిల్లాకే చెప్పండి. ఛానల్‌కు పంపేముందు సేద్యం చేసేవారికి ఒకరికి చూపించి, 'రేపు ఏం చేస్తారు?' అని అడగండి. జవాబులో పని, వేళ రెండూ వస్తే పంపండి. రాకపోతే స్క్రిప్టు మళ్లీ రాసి మళ్లీ రికార్డు చేయండి.