శిశువుల శ్వాసకోశ వైరస్‌లను పట్టుకోవడం - 3వ పాఠం: స్వాబ్ నుంచి సీటీ విలువ దాకా

ఏ శిశువుకు పరీక్ష అవసరమో గత పాఠంలో చూశాం. ఇప్పుడు స్వాబ్‌తో (ముక్కులో పెట్టి తీసే పుల్ల) నమూనా తీయడం, పీసీఆర్ (వైరస్ జన్యు పదార్థాన్ని చక్రం తర్వాత చక్రంగా పెంచి పట్టుకునే పరీక్ష) ఫలితం చదవడం నేర్చుకుందాం. స్వాబ్‌కు అంటని వైరస్‌ను ఏ యంత్రమూ చూపలేదు. అందుకే ఈ పాఠంలో సగానికి పైగా నమూనా గురించే ఉంటుంది.

ఆస్పత్రిలో చేర్చిన రోజే నమూనా తీయండి. జబ్బు మొదలైన తొలి మూడు నాలుగు రోజుల్లో వైరస్ ఎక్కువగా ఉంటుంది, ఆ తర్వాత తగ్గుతూ పోతుంది. పాలు పట్టిన వెంటనే తీస్తే వాంతి అయ్యి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది కాబట్టి, పాలు పట్టే ముందు తీయాలి. ప్లేట్‌లెట్లు బాగా తక్కువున్నా, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నా ముందు డాక్టరును అడగండి. నెలల పిల్లలు ప్రధానంగా ముక్కుతోనే ఊపిరి పీలుస్తారు. అందువల్ల పల్స్ ఆక్సిమీటర్ తగిలించి ఉంచాలి, ఆక్సిజన్ చేతికందేలా ఉండాలి.

పిల్లల సైజు ఫ్లాక్డ్ (కొన మీద నూగులాంటి పోగులున్న) నైలాన్ స్వాబ్ వాడండి. దాని పుల్ల సన్నగా, వంగే ప్లాస్టిక్‌తో ఉంటుంది. చెక్క పుల్ల, కాల్షియం ఆల్జినేట్ కొన ఉన్నవి పీసీఆర్‌ను అడ్డుకుంటాయి, వాటి జోలికి పోవద్దు.

బిడ్డను బట్టలో చుట్టి, మరొకరు తల కదలకుండా పట్టుకోవాలి. ముక్కు రంధ్రం నుంచి చెవి రంధ్రం దాకా ఉన్న దూరంలో సగాన్ని పుల్ల మీద అంచనాగా గుర్తు పెట్టుకోండి. స్వాబ్‌ను ముక్కు దూలం వైపు పైకి కాదు, అంగిలికి సమాంతరంగా వెనక్కి పోనివ్వాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే: పైకి తోస్తే ముక్కు లోపలి మెత్తటి ఎముకకు తగిలి రక్తం వస్తుంది, నమూనా కూడా పనికిరాకుండా పోవచ్చు. చివర మెత్తగా అడ్డు తగలగానే ఆగి, కొన్ని సెకన్లు అక్కడే ఉంచి, నెమ్మదిగా తిప్పుతూ బయటికి తీయండి. సగం దారిలోనే అడ్డు తగిలితే బలవంతం చేయకుండా రెండో రంధ్రంలో ప్రయత్నించండి.

పుల్లను గాటు దగ్గర విరిచి, కొనను వైరల్ ట్రాన్స్‌పోర్ట్ మీడియంలో (వైరస్ చెడకుండా ల్యాబ్‌కు చేర్చే ద్రవం) ముంచండి. మూత బిగించి, పేరు, నంబరు, తీసిన సమయం రాయండి. నమూనాను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్‌లో 72 గంటల దాకా ఉంచవచ్చు. అంతకు మించితే మైనస్ 70 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ కావాలి. మామూలు ఫ్రీజర్ గడిలో పెట్టేయవద్దు. ఆర్‌ఎస్‌వి (శిశువుల ఊపిరితిత్తులకు సోకే రెస్పిరేటరీ సిన్సిషియల్ వైరస్) గడ్డకట్టి కరిగితే తేలిగ్గా దెబ్బతింటుంది.

పీసీఆర్ యంత్రం ప్రతి లక్ష్యానికీ ఒక గీత చూపుతుంది; ఆ గీత ఎన్నో చక్రంలో పైకి లేచిందో ఆ సంఖ్యే సీటీ. సీటీ తక్కువైతే పదార్థం ఎక్కువ, ఎక్కువైతే తక్కువ. ఫలితం వచ్చాక వైరస్ గీతను ముందు చూడొద్దు. నమూనా లేని కంట్రోల్‌ను మొదట చూడండి. అందులో గీత లేస్తే ఎక్కడో కలుషితమైంది, ఆ రన్ చెల్లదు. తర్వాత ఆర్‌ఎన్‌ఏజ్ పి. ఇది మనిషి జన్యువు, స్వాబ్‌లో కణాలు చేరాయో లేదో ఇదే చెబుతుంది. వైరస్ లేదు, ఆర్‌ఎన్‌ఏజ్ పి కూడా లేదు అంటే అది నెగటివ్ కాదు, చెల్లని పరీక్ష.

ఆర్‌ఎన్‌ఏజ్ పి ఆలస్యంగా లేస్తే కారణం కణాలు తక్కువ కావడమా, చీమిడిలోని నిరోధకమా (పీసీఆర్‌ను అడ్డుకునే పదార్థం)? తీసిన ఆర్‌ఎన్‌ఏను పది రెట్లు పలుచన చేసి మళ్లీ నడపండి. సీటీ సుమారు 3.3 పెరిగితే కణాలే తక్కువ, కొత్త స్వాబ్ తీయాలి. పెరగకపోయినా, తగ్గినా నిరోధకం ఉన్నట్టు.

సీటీ 3.3 తేడా అంటే వైరస్ ఆర్‌ఎన్‌ఏలో దాదాపు పది రెట్ల తేడా. అయినా ఇద్దరు బిడ్డల సీటీలను పోల్చి ఎవరి జబ్బు తీవ్రమో చెప్పొద్దు, స్వాబ్‌కు ఎంత నమూనా అంటిందో ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. ఆర్‌ఎస్‌వి, మెటాన్యుమోవైరస్, ఇన్‌ఫ్లుయెంజా ఆరోగ్యంగా ఉన్న శిశువుల్లో అరుదుగా కనిపిస్తాయి కాబట్టి, వాటి పాజిటివ్‌కు బరువెక్కువ. రైనోవైరస్, బోకావైరస్ లక్షణాలు లేనివాళ్లలోనూ, జబ్బు తగ్గాక వారాల తరబడీ దొరుకుతాయి. అవి కనిపించాయని మిగతా కారణాల వెతుకులాట ఆపకూడదు.

అభ్యాసం: కింది మూడు ఫలితాలకు మీ తీర్పు, కారణం రాయండి. జవాబులు 4వ పాఠంలో.

1. ఆర్‌ఎస్‌వి సీటీ 19, ఆర్‌ఎన్‌ఏజ్ పి 26, కంట్రోల్ శుభ్రం.

2. వైరస్‌లు ఏవీ లేవు. ఆర్‌ఎన్‌ఏజ్ పి 37, పలుచన చేశాక 31. కంట్రోల్ శుభ్రం.

3. ఆర్‌ఎస్‌వి 22, రైనోవైరస్ 37, ఆర్‌ఎన్‌ఏజ్ పి 27. నమూనా లేని కంట్రోల్‌లో రైనోవైరస్ 38.